నక్షాలోనే చెట్టుకు చోటు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారిలో అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ దారికి ఇరువైపులా నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు దాదాపు 900 ఉన్నాయి. రెండు వరుసల రోడ్డును నాలుగు వరుసలకు పెంచుతామనగానే చెట్లా, రోడ్డా అన్న పోరు మొదలైంది. వృక్ష ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. ఏళ్లు గడిచాయి. 2025 అక్టోబరు చివరికి చిక్కుముడి వీడింది. అప్పటికి రహదారి అధికారులు నక్షా సవరించుకున్నారు. అత్యధిక చెట్లను ఉన్నచోటే ఉంచి, కొన్నింటిని మాత్రం వేరేచోటికి తరలించడానికి ఒప్పుకొన్నారు. ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే, నవంబరు 3న, అదే దారిలో చేవెళ్ల సమీపంలోని మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి.

ఊళ్లకు ఊళ్లు కన్నీరుమున్నీరైన ఆ వారంలో కోపం చెట్ల మీదికి, వాటి కోసం పోరాడినవారి మీదికి మళ్లింది. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల ఆగ్రహాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ ఆలస్యానికి మూలం ఎక్కడుందో నింపాదిగా వెతకాల్సిన బాధ్యత ప్రభుత్వాలది, చట్టసభలది. చివరికి కుదిరిన పరిష్కారంలో రోడ్డూ ఉంది, చెట్లూ ఉన్నాయి. అంటే రెండింటికీ చోటిచ్చే నక్షా సాధ్యమే. ఆ నక్షాను మొదటి రోజే గీసి ఉంటే అన్నేళ్లు వాయిదాల్లో కరిగిపోయేవి కావు. మన చట్టాలు చెట్టు సంగతి అడిగేది రోడ్డు ఖరారైపోయాక, టెండర్లు పిలిచాక, రంపాలు సిద్ధమయ్యాక. చేవెళ్ల నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఇదే. చెట్టును కాపాడే చట్టం నరికివేత అనుమతి దగ్గర కాకుండా, పథకం పుట్టే చోట మొదలు కావాలి.

అడగాల్సిన వేళ అడగని చట్టం

తెలుగు రాష్ట్రాల్లో ప్రజల చెట్లకు ప్రధాన రక్షణ 2002 నాటి జల, భూమి, చెట్ల చట్టం. వాల్టాగా అందరికీ తెలిసిన ఈ చట్టం పుట్టింది ప్రధానంగా భూగర్భ జలాల కోసం, బోర్ల మీద అదుపు కోసం. చెట్లకు అందులో దక్కింది ఒక చిన్న అధ్యాయమే. నరకాలనుకునేవారు దరఖాస్తు పెట్టాలి, నిర్దేశిత అధికారి అనుమతి ఇవ్వాలి, బదులుగా మొక్కలు నాటాలి. స్థూలంగా దాని పద్ధతి ఇదే. దరఖాస్తు ఆ అధికారి బల్ల మీదికి వచ్చేసరికి ఫ్లైఓవర్ స్తంభం ఎక్కడ దిగాలో, రోడ్డు ఎన్ని మీటర్లు పెరగాలో తేలిపోయి ఉంటుంది. వందల కోట్ల పథకాన్ని నాలుగు చెట్ల కోసం పక్కకు జరపమని చెప్పే అధికారం ఆ కుర్చీకి లేదు. ఆ అధికారి ఇవ్వగలిగిందల్లా సంతకమే.

పర్యావరణ ప్రభావ మదింపు నిబంధనలు ఆ లోటు తీరుస్తాయని అనుకుంటాం. కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్‌ను, 2013లో చేసిన సవరణను చూస్తే ఆ ఆశ నిలవదు. ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేసే పనికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలంటే ఆ పని 100 కిలోమీటర్లు దాటాలి, అదనంగా సేకరించే స్థలం కూడా నిర్ణీత వెడల్పును మించాలి. చేవెళ్ల రోడ్డు 46 కిలోమీటర్లే. తొమ్మిది వందల మర్రిచెట్లు ఉన్నా ఆ నియమం కంటికి అవి ఆనవు. ప్రజాభిప్రాయ సేకరణ, ప్రత్యామ్నాయాల పరిశీలన ముందే జరగాల్సిన చోట అవి జరగకపోవడం వల్లనే ఆ పని ట్రిబ్యునల్ మీద పడింది. న్యాయస్థానం చేయాల్సింది తీర్పు. మన పద్ధతి దానిచేత రోడ్డు డిజైన్ చర్చ కూడా చేయించింది.

నాటిన లెక్క ఉంది, నిలిచిన లెక్క లేదు

మొక్కలు నాటడంలో తెలంగాణ వెనకబడిందని ఎవరూ అనలేరు. 2015లో హరితహారం మొదలైంది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం పట్టణాల బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించమంది. నాటినవాటిలో 85 శాతం బతకాలని లక్ష్యం పెట్టి, బతికించే బాధ్యతను వార్డు సభ్యులకు అప్పగించింది, విఫలమైతే పదవికే ముప్పని హెచ్చరించింది. దేశంలో ఇంత కఠినమైన నియమం అరుదు. ఇక్కడే పెద్ద వెలితి కూడా ఉంది. మొక్క ఎండిపోతే వార్డు సభ్యుడు జవాబు చెప్పాలి. అదే వార్డులో యాభై ఏళ్ల వేపచెట్టు పోతే పదవి మీదికి వచ్చేంత జవాబుదారీ ఎవరికీ లేదు.

కొలిచే పద్ధతిలోనూ ఇదే లోపం. భారత అటవీ సర్వే 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు ఉండగా, పదేళ్లలో అది 81.81కి పెరిగింది. నగరానికి అంతర్జాతీయ గుర్తింపులు వచ్చాయి. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో ప్రపంచ హరిత నగర పురస్కారం అందింది. ఇవన్నీ సంతోషించదగినవే. అయితే ఆ సర్వే అడవిగా లెక్కించేది కనీసం ఒక హెక్టారు విస్తీర్ణంలో పదో వంతుకు పైగా చెట్ల నీడ పరుచుకున్న ప్రాంతాలను. రోడ్డు వెంట ఒంటి వరుసలో నిలిచిన చెట్లు ఆ లెక్కలోకి రావు. శివార్లలో ఒక కొత్త ఉద్యానం పెరిగితే అంకె పైకి పోతుంది. మలక్‌పేటలోనో అమీర్‌పేటలోనో నాలుగు వీధుల నీడ మాయమైతే ఆ అంకె చలించదు. పూల బండి తోసుకునే మనిషికి, చీపురు పట్టిన పారిశుద్ధ్య కార్మికురాలికి, బస్టాపులో నిలబడ్డ వృద్ధుడికి కావాల్సింది ఆ వీధి నీడ. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. ఎండలో పని చేయక తప్పనివారికి వీధి చెట్టు ప్రాణరక్షణ ఏర్పాటు. ప్రభుత్వం దాన్ని మంచినీటి కుళాయితో సమానంగా చూడాలి.

చీకట్లో, సెలవుల్లో

అనుమతి దశలోనే అంతా తేల్చే పద్ధతికి మరో చెడు గుణం ఉంది. నరికేవారికి తొందర, ఆపేవారికి తొందర. చెట్టు ఒక్కసారి నేల కూలితే ఏ కోర్టూ దాన్ని లేపి నిలబెట్టలేదు కాబట్టి, ముందు నరికేసినవాడిదే గెలుపు. ముంబయిలోని ఆరే కాలనీలో జరిగింది అదే. 2019 అక్టోబరు 4న బొంబాయి హైకోర్టు పిటిషన్లు కొట్టేసింది. ఆ రాత్రే మెట్రో కార్‌షెడ్ కోసం రంపాలు మోగాయి. అక్టోబరు 7న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు రెండు వేల చెట్లు పోయాయి. 2025 మార్చి చివర ఉగాది, రంజాన్ సెలవులు కలిసివచ్చిన రోజుల్లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని ఆపేలోపు వంద ఎకరాల దాకా నేల చదునైంది. వరుస సెలవుల్లోనే ఆ పని ఎందుకన్న ప్రశ్న ధర్మాసనం నుంచే వచ్చింది.

గచ్చిబౌలి వ్యవహారం వాల్టాలోని మరో కంతను కూడా బయటపెట్టింది. సుబాబుల్, యూకలిప్టస్, సరుగుడు వంటి జాతులకు ఆ చట్టం కింద నరికివేత అనుమతి నుంచి మినహాయింపు ఉంది. రైతు తన పొలంలో కలప కోసం పెంచుకున్న చెట్టు అమ్ముకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగకూడదన్న సదుద్దేశంతో పెట్టిన నియమం అది. నరికినవాటిలో ఎక్కువ భాగం ఆ కోవలోవేనన్న వాదన ప్రభుత్వ పక్షాన వినిపించింది. పొలానికి పుట్టిన మినహాయింపు నగరం నడిబొడ్డున వందల ఎకరాల పచ్చదనానికి వర్తిస్తే, ఆ నీడలో బతికే నెమళ్లు, జింకలు, కింది పొదలు, ఇంకే నీరు ఏవీ లెక్కలోకి రావు. నగర హద్దుల్లో మినహాయింపు జాతిని బట్టి కాకుండా చెట్టు చుట్టుకొలతను, అది నిలిచిన చోటును బట్టి ఉండాలి.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరపాలిక 2012లో వీధుల నిర్వహణను 25 ఏళ్లకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించింది. నగరంలో ఉన్న సుమారు 36 వేల వీధి చెట్లలో 17,500 చెట్లను తీసి కొత్తవి నాటాలన్న అంకె ఆ ఒప్పందంలోనే ఉందని 2018లో బయటపడింది. 2016 నవంబరులో రస్ట్‌లింగ్స్ రోడ్డులో తెల్లవారకముందే చెట్లు కొట్టడానికి వచ్చి, అడ్డుపడిన పెద్ద వయసు మహిళలను అరెస్టు చేశారు. వేల చెట్లు పోయాక, 2023 మార్చిలో మార్క్ లోకాక్ విచారణ నివేదిక నగరపాలిక తీరును తీవ్రంగా తప్పుపట్టింది, పాలకులు క్షమాపణ చెప్పారు. ఆ చెట్లలో చాలావాటిని ఫుట్‌పాత్ మరమ్మతులోని చిన్న మెలకువలతో ఉంచవచ్చని తర్వాత తేలింది. అక్కడా అసలు నిర్ణయం జరిగింది వీధిలో కాదు, ఎవరూ చదవని ఒప్పందం పేజీల్లో. ఆ అనుభవం తర్వాత ఇంగ్లండ్ 2021 పర్యావరణ చట్టంలో వీధి చెట్టు తీయబోయే ముందు స్థానికులను సంప్రదించాలన్న విధిని చేర్చింది. 2023 నవంబరు నుంచి అది అమల్లో ఉంది.

బదులు మొక్క, తరలింపు: ఎంత ఊరట?

చెట్టు పోతేనేం, పది మొక్కలు నాటుతాం అన్నది అధికారులు తరచూ చెప్పే మాట. మహారాష్ట్ర 2021లో తన పట్టణ వృక్ష చట్టాన్ని సవరించి, కొట్టే చెట్టు వయసెంతో అన్ని మొక్కలు నాటాలంది. యాభై ఏళ్లు దాటినవాటికి వారసత్వ వృక్షం హోదా ఇచ్చింది. ఇది మంచి అడుగే. అయినా అరవై మొక్కలు ఎక్కడో ఊరవతల నాటితే ఈ వీధిలో మధ్యాహ్నం ఎండ తగ్గదు. వాటికి ఆ కొమ్మల విస్తృతి రావడానికి ఒక తరం పడుతుంది, అదీ బతికితే.

తరలింపు మీద నమ్మకానికీ హద్దు ఉండాలి. మర్రి, రావి వంటివి కొమ్మ నాటినా వేళ్లు పోస్తాయి కాబట్టి జాగ్రత్తగా తరలిస్తే నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. అన్ని జాతులకూ ఆ గుణం లేదు. ఢిల్లీ ప్రభుత్వం 2020లో తెచ్చిన విధానం తరలించిన చెట్లలో 80 శాతం బతకాలంది. రెండేళ్ల తర్వాత అదే ప్రభుత్వం హైకోర్టుకు ఇచ్చిన లెక్కలో బతికినవి మూడో వంతే. తరలింపు చివరి మార్గం కావాలి. అది చెట్టు తీసేయడానికి మర్యాదపూర్వకమైన పేరుగా మారకూడదు.

విలువ కట్టడంలోనూ మనం తడబడుతున్నాం. పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు తీసే వ్యవహారంలో సుప్రీంకోర్టు వేసిన నిపుణుల సంఘం, ఒక చెట్టు ఏడాదికి ఇచ్చే మేలు విలువ 74,500 రూపాయలని 2021లో చెప్పింది. 2023లో ఆ చెట్ల నరికివేతకే అనుమతి దక్కింది. ఢిల్లీ వృక్ష సంరక్షణ చట్టం 1994లో పెట్టిన గరిష్ఠ జరిమానా వెయ్యి రూపాయలు. 2025 మార్చిలో మథుర-బృందావన్ ప్రాంతంలో అనుమతి లేకుండా కొట్టిన 454 చెట్లకు సుప్రీంకోర్టు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున విధించింది. వెయ్యికీ లక్షకూ మధ్య ఉన్న ఈ అగాధమే మన చట్టాల పాతదనానికి కొలమానం. కోర్టు ఒక్కో కేసులో పూడ్చే ఆ అగాధాన్ని చట్టసభ ఒక్కసారే పూడ్చాలి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో నగర చెట్టు తీయాల్సి వస్తే దాని విలువను నిర్మాణం తలపెట్టినవారే చెల్లించాలి. ఆ ఖర్చు ముందే తెలిస్తే డిజైన్ చేసే ఇంజినీరు చెట్టు పక్కనుంచి దారి వెతుకుతాడు.

రెండు రాష్ట్రాలూ చేయగలిగినవి

వాల్టాలో ఒక మూలన ఉన్న అధ్యాయానికి మాట్లు వేయడం కన్నా, నగర, పట్టణ వృక్షాలకు విడి చట్టం తేవడమే తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ మేలు. అందులో మొదటి నియమం ఇలా ఉండాలి: ప్రజాధనంతో చేపట్టే ఏ రోడ్డు, వంతెన, డ్రైనేజీ, మెట్రో పనికైనా డీపీఆర్ (సవివర పథక నివేదిక) ఆమోదం పొందాలంటే దానిలో చెట్ల సర్వే, చెట్లు తప్పించే కనీసం ఒక ప్రత్యామ్నాయ నక్షా, ఆ ప్రత్యామ్నాయాన్ని కాదంటే ఎందుకో రాతపూర్వక కారణం ఉండి తీరాలి. ఈ మూడూ తెలుగులో ప్రచురించాకే టెండరు పిలవాలి. కర్ణాటకలో యాభై మించి చెట్లు తీయాలంటే ప్రజల అభ్యంతరాలు ఆహ్వానించాలన్న నియమం ఉంది. ఢిల్లీలో యాభై, అంతకు మించి చెట్లకు ఇచ్చే అనుమతిని కేంద్ర సాధికార కమిటీ కూడా పరిశీలించాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ రెండింటి సారాన్నీ మనం డీపీఆర్ దశకు జరపాలి.

రెండోది, అడిగేవాడే ఇచ్చేవాడు కాకూడదు. ముంబయిలో వృక్ష ప్రాధికార సంస్థకు అధ్యక్షత వహించేది నగరపాలిక కమిషనరే. పెద్ద పథకాలు తలపెట్టేదీ ఆ నగరపాలికే. మనకు కావాల్సింది వృక్షశాస్త్రజ్ఞులు, పట్టణ ప్రణాళిక నిపుణులు, పౌరులు ఉండే స్వతంత్ర మండలి. అది అనుమతి ఇచ్చినా, ఆ ఉత్తర్వు ప్రజలకు అందుబాటులోకి వచ్చిన 30 రోజుల దాకా రంపం కదలకూడదు. రాత్రివేళ, సెలవు రోజుల్లో నరికివేత పూర్తిగా నిషిద్ధం కావాలి. అప్పీలు చేసుకునే హక్కుకు అర్థం ఉండాలంటే ఆ గడువు తప్పదు.

మూడోది, లెక్క. ముంబయి 2018 నాటికి ముగించిన గణనలో దాదాపు 29.75 లక్షల చెట్లు నమోదయ్యాయి. మెల్‌బోర్న్‌లో ప్రతి వీధి చెట్టుకూ ఒక నంబరు ఉంది, దాని జాతి, ఆరోగ్యం ఎవరైనా చూసుకోవచ్చు. 2012 నాటి విధానంలో ఆ నగరం తన వీధులు, తోటల్లో చెట్ల నీడను 22 శాతం నుంచి 2040 నాటికి 40 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, వరంగల్ కూడా నాటిన మొక్కల సంఖ్యను పక్కనపెట్టి, వార్డుల వారీ నీడ శాతాన్ని లక్ష్యంగా రాసుకోవాలి. సింగపూర్ 2006లో అయిదు దారులను వారసత్వ మార్గాలుగా ప్రకటించి, ఇరువైపులా పది మీటర్ల పచ్చదనాన్ని చట్టంతో కాపాడింది. చేవెళ్ల మర్రి బాటకు ఆ హోదా ఇవ్వడానికి ఇంతకన్నా తగిన సమయం లేదు.

నాలుగోది, నిలబడ్డ చెట్టు ఆరోగ్యం. చెట్లలో చాలావాటిని చంపేది గొడ్డలి కాదు. మొదలు దాకా పోసిన సిమెంటు, కేబుల్ కోసం తవ్వి వేళ్లు తెంచిన గుంతలు, తీగలకు అడ్డమని ఒకవైపే నరికేసిన కొమ్మలు. అలా ఒరిగిన చెట్టు గాలివానకు కూలితే మళ్లీ చెట్టునే నిందిస్తాం. మొదలు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని ఢిల్లీకి హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరం పచ్చదనం చాలావరకు ఒక్క రోజులో పోయింది. ఎక్కడ ఏ జాతి నాటాలి, వేళ్లకు ఎంత నేల వదలాలి అన్నది తీర నగరాలకు భద్రతాంశం. నగరపాలికకూ విద్యుత్ సంస్థకూ ఉమ్మడి కొమ్మల కత్తిరింపు నియమావళి, శిక్షణ పొందిన వృక్ష సిబ్బంది ఉండాలి. 

రోడ్డు భద్రతకూ ఇదే దారి

ఇన్ని నియమాలు పెడితే అభివృద్ధి ఆగిపోతుందన్న ఆందోళనకు జవాబు చెప్పుకోవాలి. ఈ చట్టం ప్రజల చెట్లకు, ప్రజాధనంతో సాగే పనులకు. పెరట్లో కొబ్బరిమట్ట కొట్టుకునే ఇంటి యజమానిని, పొలంలో సరుగుడు కోసుకునే రైతును అది వేధించకూడదు. ప్రమాదకరంగా ఒరిగిన చెట్టును నిపుణుడు చూసి వెంటనే తీయించే వెసులుబాటు కూడా అందులో ఉండాలి. ఇక పెద్ద పథకాల విషయంలో ఆలస్యం పుట్టేది ముందస్తు ప్రశ్న వల్ల కాదు, చివరి నిమిషపు తగువు వల్ల. చేవెళ్ల దారిలో ప్రయాణించే వేలమందికి సురక్షితమైన రోడ్డు ఎప్పుడో దక్కాల్సింది. చెట్లను చివరి దాకా పట్టించుకోని పద్ధతి ఆ ప్రయాణికులకూ అన్యాయం చేసింది, చెట్లకూ చేసింది.

రాజ్యాంగంలోని 48-ఎ అధికరణం పర్యావరణ రక్షణను ప్రభుత్వాల మీద పెట్టింది. 51-ఎ దాన్ని ప్రతి పౌరుడి విధిగా చెప్పింది. ఈ మాటలకు మన నగరాల్లో రూపం ఇవ్వగలిగేది రెండు అసెంబ్లీలే. హైదరాబాద్ చుట్టూ కొత్త రహదారులు, మెట్రో విస్తరణ, విశాఖ విస్తరణ ఇప్పుడు నక్షాల దశలో ఉన్నాయి. రాబోయే యాభై ఏళ్ల నీడ ఎక్కడ ఉంటుందో ఆ కాగితాలే తేలుస్తాయి. ఇప్పుడు తెచ్చే చట్టం ఆ నక్షాలను మార్చగలదు. పునాదులు పడ్డాక తెచ్చే చట్టానికి మిగిలేది జరిమానాలు వసూలు చేయడమే. కాబట్టి వచ్చే సమావేశాల్లోనే నగర వృక్ష బిల్లును సభ ముందు పెట్టాలి. అది వచ్చేదాకా ప్రతి పెద్ద పథకం డీపీఆర్‌లో చెట్ల అధ్యాయం తప్పనిసరి అని ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి చట్టసభ దాకా కూడా పోనక్కర్లేదు. ముఖ్యమంత్రులు తలచుకుంటే చాలు.